జముకు మోతను ప్యాడ్ల మీదికి తెచ్చుకోవడం ఎలా

విజయనగరంలో ఇప్పుడు ఏ ఊరేగింపు చూసినా కీబోర్డూ, కొడితే మోగే ఎలక్ట్రానిక్ ప్యాడ్లూ కనబడుతున్నాయి, శ్రీకాకుళం వైపు పల్లెల్లో అమ్మవారి పండగలకీ వచ్చేశాయి. రానివ్వండి, మంచిదే. ఫిడేలు కూడా బయటినుంచి వచ్చిందే, ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో పడ్డాక అది మన ఊరిది కాదని ఎవరంటారు? నా బాధ వేరే. ఆ ప్యాడ్ మీద కొడితే పలికేది కంపెనీ వాళ్లు ఎక్కించి పంపిన మోత. అందులో మన పల్లె వాద్యాలు, జముకు ఉండదు, తప్పెటగుళ్ళు ఉండవు. ఉండాలంటే మనమే ఎక్కించుకోవాలి. దానికి స్టూడియో అక్కర్లేదు, ఒక సెల్‌ఫోనూ పాత ల్యాప్‌టాపూ చాలు.

ముందు వాయించే మనిషి దగ్గరికి వెళ్లండి. యూట్యూబ్ వీడియోలోంచి కోసుకోవద్దు, అందులో పాట, తాళం, జనం గోల అన్నీ కలిసిపోయి ఉంటాయి, పైగా అది అడక్కుండా తీసుకోవడం. ఎందుకు రికార్డు చేస్తున్నారో, తర్వాత దాన్ని ఎక్కడ వాడతారో, డబ్బులొస్తే ఎంతిస్తారో ముందే చెప్పండి. ఆ పూట కూలి ఇవ్వండి. కళాకారుడికి ఫొటో తీసి దండం పెట్టి వచ్చేయడం మన దగ్గర మామూలైపోయింది, అది నాకు అస్సలు నచ్చదు.

జముకు చూడనివాళ్ల కోసం: ఒక పక్క తోలు బిగించిన గుండ్రటి పాత్ర, ఆ తోలు మధ్యలోంచి ఒక తీగ, తీగ చివర చిన్న పుల్ల. పాత్రను చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో పుల్ల పట్టుకుని తీగ లాగుతూ రెండో చేత్తో మీటుతారు. లాగుడు బిగిస్తే స్వరం పైకి పోతుంది, వదిలితే కిందికి జారుతుంది. జముకు ప్రాణమంతా ఆ జారుడులోనే ఉంది, ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివరిదాకా దీనితోనే పని.

ఇక ఫోను. నేను మొదటిసారి ఫోన్లో ఉన్న మామూలు రికార్డర్‌తో ఒక మధ్యాహ్నమంతా రికార్డు చేసుకొచ్చాను. ఇంటికొచ్చి వింటే మెల్లగా మీటిందీ గట్టిగా మీటిందీ ఒకే మోతలో ఉన్నాయి, ప్రతి మోతకీ తోక తెగిపోయింది. ఆ రికార్డర్ మాటల కోసం చేసింది, చిన్న శబ్దాన్ని తనంతట తానే పెంచుతుంది, పెద్దదాన్ని తగ్గిస్తుంది, తోకలో వచ్చే గుంయ్‌మనే శబ్దాన్ని ఫ్యాన్ హోరనుకుని తుడిచేస్తుంది. అందుకని ఆటోమేటిక్ గెయిన్, నాయిస్ తగ్గించేవి రెండూ ఆపే వీలున్న యాప్ పెట్టుకోండి, ఎంపీ3 కాకుండా వేవ్ ఫైలుగా 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో రికార్డు చేయండి. మోనోలో నిమిషానికి తొమ్మిది ఎంబీకి కొంచెం తక్కువే పడుతుంది. అత్యంత గట్టి దెబ్బకి కూడా యాప్‌లో శబ్దం ఎంతుందో చూపే మీటరు ఎర్రగీత తాకకూడదు.

చోటు కూడా ముఖ్యం. ఖాళీ డాబా గదిలో అయితే గోడలు తిరిగి మోగుతాయి. ధాన్యం బస్తాలు, పరుపులు, బట్టలు ఉన్న గది వెతకండి. ఫ్యాను ఆపేయండి, ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఫోను మైకు జముకుకు మూరెడు దూరంలో, పాత్ర తెరిచి ఉన్న వైపుకి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి ఉంచండి.

ఏం వాయించమనాలి? చాలామంది ఒక్క దెబ్బ రికార్డు చేసుకుని అయిపోయిందనుకుంటారు. అదే దెబ్బ పదహారుసార్లు వినబడితే కుట్టుమిషనులా ఉంటుంది, చెవికి పట్టేస్తుంది. కాబట్టి తీగ బిగింపు ఒకే చోట ఉంచి మెల్లగా నాలుగు, మధ్యస్థంగా నాలుగు, గట్టిగా నాలుగు మీటమనండి. తర్వాత బిగింపు కొంచెం పెంచి మళ్లీ పన్నెండు. నేనిలా అడుగుతుంటే నాకు జముకు వాయించిన ఆయన "ఒక్కపాలి సాలదేటి బావూ?" అన్నారు. ఎందుకో చెప్పాక ఆయనే నవ్వుకుంటూ నేను అడగనివి కూడా వాయించారు.

బిగింపులు ఎన్ని కావాలంటే, ఐదారు ఉంటే మేలు. ఒకే శబ్దాన్ని కంప్యూటర్ పై స్థాయికి ఎక్కించాలంటే దాన్ని వేగంగా తిప్పుతుంది, సరిగ్గా ఒక స్థాయి పైకి వెళ్తే మోత నిడివి సగమైపోతుంది, జముకు కాస్తా చిలక అరుపైపోతుంది. ప్రతి మూడు నాలుగు స్వరస్థానాలకీ ఒక అసలు రికార్డింగ్ ఉంటే ఆ బెడద ఉండదు.

ల్యాప్‌టాప్‌లో శబ్దాన్ని కోసి అతికే సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ ఉచితమే. ఒక్కో దెబ్బనీ విడివిడిగా కోయండి, మొదలు దగ్గర సన్నగా చూసి కోయాలి, ముందు కొద్దిపాటి నిశ్శబ్దం మిగిలినా వాయించేటప్పుడు చెయ్యి వెనకబడ్డట్టు ఉంటుంది. తోక మాత్రం పూర్తిగా ఆగేదాకా ఉంచండి. ఫైలుకి "బిగింపు2_గట్టి_3" అని పేరు పెట్టుకోండి, డెబ్బై ఫైళ్లయ్యాక ఈ పేర్లే దిక్కు.

తర్వాత డీసెంట్ శాంప్లర్ లాంటి ఉచిత శాంప్లర్‌లో, అంటే కీ నొక్కితే మనం ఎక్కించిన శబ్దాన్ని మోగించే సాఫ్ట్‌వేర్‌లో, వాటిని అమర్చాలి. కీబోర్డూ ప్యాడూ కంప్యూటర్‌తో మాట్లాడుకునే పద్ధతి మిడి, అది 1983లో వచ్చింది, అందులో దెబ్బ బలం 1 నుంచి 127 దాకా అంకెగా వెళ్తుంది. 1-50కి మెల్లనివి, 51-95కి మధ్యస్థం, ఆపైన గట్టివి పెట్టి చూసి, మీ చేతికి తగ్గట్టు మార్చుకోండి. ఒకే బలంలో ఉన్న నాలుగింటినీ వంతులవారీగా మోగేలా పెట్టాలి, దాన్ని రౌండ్ రాబిన్ అంటారు. ప్యాడ్ కొత్తగా కొనేవాళ్లకి ఒక మాట: అన్ని ప్యాడ్లూ సొంత శబ్దాలు ఎక్కించుకోనివ్వవు. "శాంప్లింగ్ ప్యాడ్" అవునో కాదో కొట్లోనే అడగండి. రోలాండ్‌లో ఎస్‌పీడీ-ఎస్‌ఎక్స్ అలాంటిది.

ఇప్పుడు జారుడు. కొత్తగా వస్తున్న వాద్యాల్లో నాకు బాగా ఆశ పుట్టించింది ఇదే. మామూలు మిడిలో స్వరాన్ని వంచితే ఆ ఛానెల్లో, అంటే ఆ ఒక్క దారిలో, మోగుతున్నవన్నీ వంగిపోతాయి. ఎంపీఈ అనే పద్ధతిలో ఒక్కో వేలికీ ఒక్కో ఛానెల్, కాబట్టి ఏ వేలు కదిలితే దాని స్వరమే కదులుతుంది. రోలీ సీబోర్డ్, లిన్‌స్ట్రుమెంట్, ఆస్మోస్ ఇలా పనిచేసేవే. బొబ్బిలి వీణ మీద తాళం తీగలు కదలకుండా మోగుతుంటే వాయించే తీగ మీద గమకం లాగుతారు కదా, అలాంటిది కావాలంటే ఎంపీఈ ఉండాల్సిందే. కానీ అవి ఖరీదైనవి. జముకుకి ఒకటే తీగ, ఒకసారికి ఒకటే స్వరం, కాబట్టి మామూలు కీబోర్డు మీద స్వరాన్ని వంచే పిచ్ బెండ్ చక్రం సరిపోతుంది. శాంప్లర్‌లో బెండ్ పరిధి మామూలుగా రెండు అరస్వరాలే ఉంటుంది, ఏడుకో పన్నెండుకో పెంచండి. ఎంపీఈ వాద్యమే ఉంటే అది సాధారణంగా 48 పంపుతుంది, శాంప్లర్‌లో కూడా 48 పెట్టకపోతే అపస్వరాలే, సగంమంది ఇక్కడే టెన్షన్ పడి వదిలేస్తారు.

వాయించేటప్పుడు బ్లూటూత్ హెడ్‌ఫోన్ వద్దు, మోత బాగా ఆలస్యంగా వస్తుంది, వైరుదే వాడండి. ఆడియో సెట్టింగుల్లో బఫర్, అంటే కంప్యూటర్ శబ్దాన్ని ఒక్కో విడతకి ఎంత పోగుచేసి పంపాలనే లెక్క, 128 పెడితే 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది మూడు మిల్లీసెకన్లు కూడా కాదు, పాత ల్యాప్‌టాప్ చిటపటలాడితే 256కి వెళ్లండి.

తయారయ్యాక పాట చేసే ముందే పట్టుకెళ్లి ఆయనకి వినిపించండి. నేను వినిపిస్తే కళ్లు మూసుకుని విన్నారు, బాగుందన్నారు, తర్వాత "తీగొదిలేసినప్పుడు సప్పుడేదీ?" అన్నారు. నిజమే, మోత మధ్యలో తీగ ఠక్కున వదిలితే తోలు మీద ఒక చిన్న మొత్తిన శబ్దం వస్తుంది, అది నేను పట్టించుకోనే లేదు. మీరు మొదటిరోజే దాన్ని ఓ ఆరేడుసార్లు విడిగా రికార్డు చేసుకోండి, శాంప్లర్‌లో కీ మీద వేలు తీసినప్పుడు మోగేలా పెట్టండి.