హోటల్ లెక్కలు చదవడం నేర్చుకుందాం - 3వ పాఠం: గదులు నిండాయా, అద్దెలు పెరిగాయా?

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్క గుర్తుందా? వంద గదుల హోటల్లో పది గదులకు రంగులు వేస్తున్నారు. మిగతా తొంభైలో 72 గదులు అమ్ముడయ్యాయి. ఆక్యుపెన్సీ, అంటే నూటికి ఎన్ని గదులు నిండాయన్న శాతం, ఎంత అని అడిగాను.

తొంభైకి డెబ్బై రెండు కాబట్టి 80 శాతం అని వేసి ఉంటే, మీ ఆలోచన సహజమైనదే. కానీ దేశం మొత్తానికి లెక్క కట్టేటప్పుడు జవాబు 72 శాతం. రంగులు వేయడానికి నాలుగు రోజులు తాళం పెట్టిన గది కూడా అమ్మకానికి ఉన్న గదే. నెలల తరబడి, మామూలుగా ఆరు నెలలు దాటి మూసేస్తేనే దాన్ని లెక్కలోంచి తీసేస్తారు. బడిలో నేర్చుకున్న లవం, హారం ఒకసారి గుర్తు చేసుకోండి. అమ్ముడైన గదులు పైన, అమ్మకానికి ఉన్న గదులు కింద. పై అంకెను అందరూ చూస్తారు. కింద ఏం కలిపారో, ఏం తీసేశారో చూడటమే మనం నేర్చుకోవలసిన పని. ఈ పాఠంలో హారం మళ్ళీ మళ్ళీ వస్తుంది.

ఇవాళ రెండు కొత్త కొలతలు నేర్చుకుందాం. మొదటిది సగటు గది అద్దె. వృత్తిలో ఉన్నవాళ్ళు ఏడీఆర్ అంటారు. గదుల మీద వచ్చిన ఆదాయాన్ని అమ్ముడైన గదులతో భాగిస్తే వస్తుంది. రెండోది రెవ్‌పార్. అదే ఆదాయాన్ని అమ్మకానికి ఉన్న మొత్తం గదులతో, అంటే ఖాళీగా ఉండిపోయిన వాటితో సహా భాగిస్తే వచ్చేది ఇది. ఆక్యుపెన్సీని సగటు అద్దెతో గుణించినా ఇదే వస్తుంది.

ఖాళీ గదులను ఎందుకు కలపాలి? నేను కొన్నేళ్ళు రాత్రి షిఫ్టులో ఫ్రంట్ ఆఫీసు పని చేశాను. తెల్లవారుజామున నైట్ ఆడిట్, అంటే ఆ రోజు లెక్కలు మూసే పని, ముగించి తేదీ మార్చే క్షణంలో, ఆ రాత్రి అమ్ముడుపోని గదులన్నీ శాశ్వతంగా పోయినట్టే. బట్టల కొట్టులో ఇవాళ మిగిలిన చీర రేపు అమ్ముకోవచ్చు. నిన్న రాత్రి గదిని ఇవాళ ఎవరికీ అమ్మలేం. ఆ నష్టం ఏడీఆర్‌లో కనిపించదు, రెవ్‌పార్‌లో కనిపిస్తుంది. అందుకే ఈ మూడింటిలో ఒక్కటే చూడమంటే నేను రెవ్‌పార్ చూస్తాను. అయితే దాన్ని కూడా విడగొట్టి చూడకపోతే మోసపోతాం. అది ఎలాగో ఇప్పుడు చూద్దాం.

మన నమూనా దేశం అమెరికా అని మొదటి పాఠంలోనే అనుకున్నాం. అక్కడి హోటళ్ళు ఒకే పద్ధతిలో ఖాతాలు రాసుకోవడానికి 1926లోనే న్యూయార్క్ హోటళ్ళ సంఘం ఒక ప్రామాణిక పద్ధతిని అచ్చువేసింది. 1985లో రాండీ స్మిత్ మొదలుపెట్టిన ఎస్‌టీఆర్ అనే సంస్థ హోటళ్ళ దగ్గర అంకెలు సేకరించి, ఏ ఒక్క హోటల్ వివరమూ బయటపడకుండా మొత్తాలుగా మార్చి తిరిగి వాటికే అందిస్తూ వచ్చింది. 2019లో దాన్ని కోస్టార్ అనే స్థిరాస్తి సమాచార సంస్థ కొనుక్కుంది. ఎదురెదురుగా ఉండి పోటీపడే హోటళ్ళు తమ లెక్కల్ని ఒకే చోట నమ్మకంతో అప్పగించడం చిన్న విషయం కాదు. ఆ నమ్మకం లేని దేశంలో ఎంత తెలివైనవాడైనా పరిశ్రమ ఎలా ఉందో ఊహించడమే తప్ప చెప్పలేడు.

ఎస్‌టీఆర్ ప్రకటించిన ఈ అంకెలను నోట్‌బుక్‌లో రాసుకోండి. పాఠమంతా వీటి మీదే నడుస్తుంది.

2019: ఆక్యుపెన్సీ 66.1 శాతం, సగటు అద్దె 131.21 డాలర్లు, రెవ్‌పార్ 86.76 డాలర్లు
2020: ఆక్యుపెన్సీ 44.0 శాతం, సగటు అద్దె 103.25 డాలర్లు, రెవ్‌పార్ 45.48 డాలర్లు
2021: ఆక్యుపెన్సీ 57.6 శాతం, సగటు అద్దె 124.67 డాలర్లు, రెవ్‌పార్ 71.87 డాలర్లు
2022: ఆక్యుపెన్సీ 62.7 శాతం, సగటు అద్దె 148.83 డాలర్లు, రెవ్‌పార్ 93.27 డాలర్లు

ముందు ఒక వరుసను మీ చేత్తో సరిచూడండి. 2019లో 131.21ని 0.661తో గుణిస్తే 86.73 వస్తుంది. మూడు సెంట్ల తేడా ఆక్యుపెన్సీని ఒక దశాంశానికి కుదించడం వల్ల వచ్చింది. ఎక్కడైనా ఈ మూడు అంకెలు కనిపిస్తే ముందు ఇలా గుణించి చూడటం అలవాటు చేసుకోండి. తేడా డాలర్లలో వచ్చిందంటే, ఆ మూడూ ఒకే హోటళ్ళవో, ఒకే కాలానివో కావన్నమాట.

పడిపోవడాన్ని కొలవడం

2019 నుంచి 2020కి ఆక్యుపెన్సీ ఎంత తగ్గింది? 66.1 లోంచి 44.0 తీసేస్తే 22.1. దీన్ని 22.1 శాతం తగ్గుదల అని రాస్తే తప్పు. అవి శాతం పాయింట్లు. తగ్గుదల శాతం కావాలంటే 22.1ని 66.1తో భాగించాలి. 33.4 శాతం వస్తుంది. ప్రతి ముగ్గురు అతిథుల్లో ఒకరు రావడం మానేశారన్నది ఆ రెండో అంకెలోనే తెలుస్తుంది. పత్రికల్లో ఈ రెండింటినీ కలిపేయడం తరచూ చూస్తుంటాను. చదివేటప్పుడు జాగ్రత్త.

ఇక అద్దె 21.3 శాతం తగ్గింది. మరి రెవ్‌పార్? 33.4కి 21.3 కలిపి 54.7 అనకండి. గుణించిన వాటి మార్పులను కూడితే కుదరదు. అతిథులు తగ్గగా మిగిలింది 66.6 శాతం, అద్దె తగ్గగా మిగిలింది 78.7 శాతం. ఆ రెండింటినీ గుణిస్తే 52.4. అంటే రెవ్‌పార్ 47.6 శాతం పడిపోయింది. వంద డాలర్లు వచ్చే చోట యాభై రెండు వచ్చాయి.

ఆ ఏడాది అమెరికాలో అమ్ముడుపోని రూమ్ నైట్లు (ఒక గది ఒక రాత్రి ఖాళీగా ఉంటే ఒకటి) మొదటిసారి వంద కోట్లు దాటాయి. అంతకుముందు అతి చెడ్డ ఏడాది 2009. ఆర్థిక మాంద్యం నడుస్తున్న ఆ సంవత్సరంలో ఆ సంఖ్య 78 కోట్ల 60 లక్షలు. నైట్ ఆడిట్‌లో తేదీ మారుతుంటే పోయే గదులు ఎలా ఉంటాయో చూసినవాణ్ణి కాబట్టి ఈ వంద కోట్ల మాట మొదటిసారి చదివినప్పుడు మనసు కలుక్కుమంది. ఒక్కో ఖాళీ గది వెనక, ఆ రోజు పనికి రావద్దని కబురందుకున్న హౌస్ కీపింగ్ మనిషి ఒకరుంటారు.

ఇప్పుడు హారం దగ్గరికి వద్దాం. 2020 మార్చిలో కోవిడ్ వల్ల లాస్ వేగస్ కాసినో హోటళ్ళన్నీ ఒక్కసారిగా మూతబడ్డాయి. 78 రోజుల తర్వాత, జూన్ 4న తెరవడం మొదలైంది. ఆ మూతబడ్డ గదుల్ని అమ్మకానికి ఉన్నట్టు లెక్కించాలా, వద్దా? చిన్న ఊహాలెక్క చేద్దాం. ఒక ఊళ్ళో వెయ్యి గదులున్నాయి. వాటిలో మొత్తం ఆరు వందల గదులున్న హోటళ్ళను మూసేశారు. తెరిచి ఉన్న నాలుగు వందల్లో రెండు వందలు నిండాయి. తెరిచినవాటితో భాగిస్తే 50 శాతం, అన్నిటితో భాగిస్తే 20 శాతం. రెండూ నిజమే. తెరిచి ఉన్న హోటల్ ఎలా నడుస్తోందో మొదటిది చెబుతుంది, ఊరు ఎలా ఉందో రెండోది చెబుతుంది. మొదట చెప్పిన ఆరు నెలల మాట తెరిచి ఉన్న హోటల్లోని విడి గదులకు; హోటల్ మొత్తం మూసేస్తే, ఎస్‌టీఆర్ మామూలు పద్ధతిలో దాని గదులన్నీ హారంలోంచి వెళ్ళిపోతాయి. అందుకే 2020లో మొత్తం గదుల పద్ధతి అని ఇంకో లెక్క కూడా ఇవ్వడం మొదలుపెట్టారు. దేశం గురించి మాట్లాడేవాళ్ళు రెండో లెక్క చెప్పాలన్నది నా అభిప్రాయం. మొదటిది మాత్రమే చెబితే, ఎక్కువ హోటళ్ళు మూతబడ్డ కొద్దీ పరిస్థితి మెరుగైనట్టు కనిపిస్తుంది.

కోలుకోవడాన్ని కొలవడం

ఇది ఈ పాఠానికి గుండెకాయ. 2022 రెవ్‌పార్ 93.27 డాలర్లు. 2019 కంటే 7.5 శాతం ఎక్కువ. పరిశ్రమ పూర్తిగా కోలుకుంది, రికార్డు సృష్టించింది అని అప్పట్లో గట్టిగా వినిపించింది. నిజమో కాదో రెండు మెట్లలో చూద్దాం.

మొదటి మెట్టు విడగొట్టడం. ఆక్యుపెన్సీ 66.1 నుంచి 62.7కి దిగింది. అంటే 3.4 పాయింట్లు, శాతంలో 5.1. అద్దె మాత్రం 13.4 శాతం పెరిగింది. గదులు తక్కువ నిండాయి, నిండిన ప్రతి గదికీ ఎక్కువ వసూలైంది. పెరిగిన రెవ్‌పార్ అంతా అద్దె వల్ల వచ్చిందే.

రెండో మెట్టు ఇంకా ముఖ్యమైనది, ఎక్కువ మంది వదిలేసేది కూడా. ఆ మూడేళ్ళలో డాలరు విలువ అలాగే ఉందా? అమెరికా కార్మిక గణాంకాల బ్యూరో ఇచ్చే వినియోగదారుల ధరల సూచీ సగటు 2019లో 255.7, 2022లో 292.7. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 1.145. ధరలు పద్నాలుగున్నర శాతం పెరిగాయి. ఇప్పుడు 2022 అంకెల్ని 1.145తో భాగిస్తే అవి 2019 డాలర్లలోకి మారతాయి.

సగటు అద్దె 148.83 కాస్తా 130 డాలర్లు అవుతుంది. 2019లో ఎంత? 131.21. చూశారా, ఆకాశాన్నంటాయన్న అద్దెలు నిజానికి ఉన్నచోటే ఉన్నాయి, ఒక డాలరు తగ్గాయి కూడా. రెవ్‌పార్ 93.27 అయితే 81.5 డాలర్లకు వస్తుంది. 2019 నాటి 86.76 కంటే ఆరు శాతం తక్కువ. రికార్డు అన్న ఏడాదిలోనే పరిశ్రమ పాత స్థాయికి ఇంకా చేరలేదు. ఈ లెక్క మొదటిసారి నేనే వేసుకున్న రోజున, అంతకుముందు రాసుకున్న నోట్సులో సగం కొట్టేయాల్సి వచ్చింది. అందుకే ఈ ఒక్క భాగహారం మాత్రం మీరు ఎప్పుడూ మర్చిపోవద్దని పదేపదే చెబుతాను.

అయితే ఒకటి గమనించండి. అద్దె వల్ల వచ్చిన రెవ్‌పార్, నిండిన గదుల వల్ల వచ్చిన రెవ్‌పార్ ఒకటి కావు. ఒక హోటల్లో 80 శాతం గదులు 100 డాలర్లకు పోయాయి. ఇంకో హోటల్లో 64 శాతం గదులు 125 డాలర్లకు పోయాయి. రెండింటి రెవ్‌పార్ 80 డాలర్లే. కానీ రెండో హోటల్లో ఉతికే దుప్పట్లు తక్కువ, సబ్బులు తక్కువ, ఊడ్చే గదులు తక్కువ. యజమానికి లాభం ఎక్కువ మిగులుతుంది. మొదటి హోటల్లో ఎక్కువ మందికి పని దొరుకుతుంది. మహమ్మారి తర్వాత అమెరికాలో చాలా హోటళ్ళు అతిథి అడిగితే తప్ప రోజూ గది శుభ్రం చేయడం మానేశాయి. యునైట్ హియర్ కార్మిక సంఘం దాన్ని గట్టిగా వ్యతిరేకించింది. గదులు శుభ్రం చేసేవాళ్ళ షిఫ్టులు తగ్గిపోతాయన్నది వాళ్ళ బాధ, అది న్యాయమైన బాధ. పరిశ్రమ పెరిగిందన్న మాట వింటే ఎవరికి పెరిగిందని అడగడం కూడా లెక్కలో భాగమే.

దేశం సగటు గురించి ఒక్క మాట. 2023లో దేశం మొత్తానికి రెవ్‌పార్ పెరిగింది. అదే ఏడాది జూన్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలో హిల్టన్ యూనియన్ స్క్వేర్, పార్క్ 55 అనే రెండు పెద్ద హోటళ్ళ మీదున్న 72.5 కోట్ల డాలర్ల అప్పుకు యజమాని సంస్థ పార్క్ హోటల్స్ చెల్లింపులు ఆపేసింది. రెండింటిలో కలిపి దాదాపు మూడు వేల గదులు. దేశం సగటు ఆ వీధికి వర్తించలేదు. నగరాల వారీగా చదవడం ఐదో పాఠంలో నేర్చుకుందాం.

అలాగే ఒక కంపెనీ పెరగడం, దేశంలో గదులు పెరగడం వేరు వేరు. 2016లో మారియట్ సంస్థ స్టార్‌వుడ్ అనే ఇంకో హోటళ్ళ సంస్థను కొన్నప్పుడు మారియట్ గదుల సంఖ్య ఒక్కసారిగా ఎగబాకింది. దేశంలో ఆ రోజు కొత్తగా ఒక్క గది కూడా కట్టలేదు. బోర్డు మారిన పాత హోటల్ కూడా అంతే. కొత్త గదుల లెక్క, అంటే కట్టబోయేవి, కడుతున్నవి, తెరిచినవి, ఇవన్నీ నాలుగో పాఠం.

అభ్యాసం

2023: ఆక్యుపెన్సీ 63.0 శాతం, సగటు అద్దె 155.62 డాలర్లు, రెవ్‌పార్ 97.97 డాలర్లు. ధరల సూచీ సగటు 304.7.

ఒకటి, మూడు అంకెలూ కలుస్తున్నాయో లేదో గుణించి చూడండి. రెండు, 2022 నుంచి 2023కి రెవ్‌పార్ ఎంత శాతం పెరిగింది, అందులో అద్దె వాటా ఎంత, ఆక్యుపెన్సీ వాటా ఎంత? మూడు, 2023 రెవ్‌పార్‌ను 2019 డాలర్లలోకి మార్చి, 86.76 పక్కన పెట్టండి. ఏది పెద్దదో చూసి, ఆ ఏడాదిని మీరైతే ఎలా వర్ణిస్తారో రెండు వాక్యాల్లో రాయండి. కాలిక్యులేటర్ వాడవచ్చు, కానీ దేన్ని దేనితో భాగించారో పక్కన రాసుకోండి. జవాబులు నాలుగో పాఠం మొదట్లో ఇస్తాను.