స్టోరీలు పూర్తవుతున్నా ప్రొడక్ట్ ముందుకు కదలడం లేదా?

సమస్య: స్క్రమ్ పద్ధతిలో పనిచేసే సాఫ్ట్‌వేర్ టీమ్‌లో స్ప్రింట్లు (నెలకు మించని పని విడతలు) గడుస్తున్నాయి, స్టోరీలు (చిన్న పనులుగా రాసుకున్న అవసరాలు) క్లోజ్ అవుతున్నాయి. ఈ మూడు నెలల్లో ఏం సాధించామంటే మాత్రం ఎవరి దగ్గరా సూటిగా జవాబు లేదు.

కారణం: డెవలపర్‌ని, టెస్టర్‌ని, ప్రొడక్ట్ ఓనర్‌ని (ఏ పని ముందో తేల్చే వ్యక్తిని) విడివిడిగా "మన ప్రొడక్ట్ గోల్ ఏంటి?" అని అడిగి చూడండి. ముగ్గురూ మూడు రకాలుగా చెబితే గోల్ లేనట్టే. ముగ్గురూ ఒకే ఫీచర్ల జాబితా అప్పజెప్పినా లేనట్టే. నా ఉద్దేశంలో రెండోదే ఎక్కువ ప్రమాదం. జాబితా ఉంది కదా అని గోల్ గురించి ఇంకెవరూ అడగరు.

పరిష్కారం: బస్ టికెట్ల యాప్ ఒకటి చేస్తున్నారనుకుందాం. "రీఫండ్ మాడ్యూల్, కొత్త డ్యాష్‌బోర్డ్, చాట్‌బాట్ తేవాలి" అన్నది పనుల పట్టీ. "టికెట్ రద్దు చేసుకున్న ప్రయాణికుడికి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసే పని లేకుండానే డబ్బు తిరిగి రావాలి" అన్నది గోల్. ఎవరికి ఏం మారాలో ఇందులో ఉంది. మారిందో లేదో రీఫండ్ కోసం వచ్చే కాల్స్ చూస్తే తెలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, దీన్ని చూపించి కొన్ని పనులు వద్దనవచ్చు. సీట్ల రంగులు మార్చే స్టోరీ ఎవరైనా తెస్తే, "బాగుంది, కానీ ఇప్పుడు కాదు" అనడానికి ఒక ఆధారం ఉంటుంది. ఏ ఒక్క పనినీ పక్కన పెట్టించలేకపోతే ఆ గోల్‌ని మళ్లీ రాయాల్సిందే. సెక్యూరిటీ ప్యాచ్‌లు, చట్టం ప్రకారం చేయాల్సిన మార్పులు మాత్రం ఈ వడపోతలోకి రావు. వాటికి ప్రతి స్ప్రింట్‌లో కొంత చోటు విడిగా ఉంచండి.

సమస్య: స్ప్రింట్ గోల్ అంటే "తీసుకున్న స్టోరీలన్నీ పూర్తి చేయడం" అని రాసి ఉంటుంది.

ముందు స్టోరీలు ఏరుకుని, తర్వాత వాటికో పేరు పెడితే ఇలాగే అవుతుంది. స్క్రమ్ నియమాలను వివరించే 2020 నాటి స్క్రమ్ గైడ్ ప్రకారం స్ప్రింట్ ప్లానింగ్‌లో మొదటి ప్రశ్న "ఈ స్ప్రింట్ ఎందుకు?" అన్నది. ఏం చేయాలి, ఎలా చేయాలి అన్నవి ఆ తర్వాతే. "యూపీఐతో కట్టినవాళ్లకు రీఫండ్ దానంతటదే వెళ్లాలి" అని ముందు తేల్చుకుంటే, మధ్యలో ఒక స్టోరీ ఊహించినదానికంటే పెద్దదైనా టెన్షన్ ఉండదు. ప్రొడక్ట్ ఓనర్‌తో మాట్లాడి పనిని తగ్గించుకోవచ్చు, గోల్ చెడదు. స్టోరీలన్నీ గోల్ అయినప్పుడు ఒక్కటి మిగిలినా ఓడిపోయినట్టే ఉంటుంది.

సమస్య: టార్గెట్ అందుకున్నాం, కస్టమర్ ఫిర్యాదులు తగ్గలేదు.

టార్గెట్‌గా వెలాసిటీని (ఒక్కో స్ప్రింట్‌లో పూర్తయ్యే స్టోరీ పాయింట్ల మొత్తాన్ని) పెట్టారేమో చూడండి. స్టోరీ పాయింట్లు అంటే ఒక పని ఎంత పెద్దదో టీమ్ తన కోసం వేసుకునే అంచనా. వాటిని పెంచమంటే అంచనాలే పెరుగుతాయి: నిన్నటి 3 పాయింట్ల పని ఇవాళ 5 అవుతుంది. అందులో టీమ్ తప్పేమీ లేదు, అడిగిన తీరే తప్పు. వాడేవాళ్లలో వచ్చే మార్పును కొలవండి, దానికి కాపలాగా ఇంకో కొలత పెట్టండి. రీఫండ్ కాల్స్ తగ్గాలి, అదే సమయంలో తప్పుడు రీఫండ్లు పెరగకూడదు. మొదటిదొక్కటే ఉంటే, ఫోన్ నంబర్‌ని యాప్‌లో ఎక్కడో దాచేసినా కాల్స్ తగ్గిపోతాయి.

సమస్య: ప్రొడక్ట్ గోల్ నెలకోసారి మారుతోంది.

చాలాసార్లు అక్కడ గోల్ మారడం కాదు, పాతదాని పక్కన కొత్తది వచ్చి చేరడమే జరుగుతుంది. ఒక గోల్‌ని పూర్తి చేయాలి లేదా వదిలేయాలి, ఆ తర్వాతే ఇంకోటి ఎత్తుకోవాలని గైడ్ చెబుతోంది. వదిలేయడం తప్పు కాదు. కానీ ఆ మాట స్ప్రింట్ రివ్యూలో (స్ప్రింట్ చివర జరిగే సమీక్షలో) అందరి ముందూ చెప్పి, పాత గోల్ కోసం పెట్టిన స్టోరీలను అదే రోజు బ్యాక్‌లాగ్‌లోంచి (చేయాల్సిన పనుల జాబితాలోంచి) తీసేయండి.