రాజ్‌దూత్ 350: సైలెన్సర్లు మార్చాక కార్బ్యురేటర్ల ట్యూనింగ్

పాత రాజ్‌దూత్ 350కి ఎక్స్‌పాన్షన్ చాంబర్లు (మధ్యలో ఉబ్బుగా ఉండే రేసింగ్ తరహా సైలెన్సర్లు), పాడ్ ఫిల్టర్లు (కార్బ్యురేటర్‌కే నేరుగా బిగించే గాలి ఫిల్టర్లు) వేయించారా? జెట్ల (కార్బ్యురేటర్‌లో పెట్రోల్‌ని కొలిచి వదిలే సన్న రంధ్రాల ముక్కలు) జోలికి వెళ్లేముందు రెండు కార్బ్యురేటర్లనూ సమం చేయండి. ఇంజిన్ ఆపి, ఫిల్టర్లు తీసి, రెండు స్లైడ్ల (యాక్సిలరేటర్ తిప్పితే కార్బ్యురేటర్‌లో పైకి లేచే గాలి తలుపులు) కిందా ఒకే సైజు డ్రిల్ బిట్ల నున్నటి వైపు పెట్టండి. యాక్సిలరేటర్ మెల్లగా తిప్పితే రెండూ ఒకే క్షణంలో వదులవ్వాలి. ఒకటి వెనకబడితే దాని కేబుల్ అడ్జస్టర్ సరిచేయండి. చాలామంది దీన్ని వదిలేసి జెట్ల మీదే డబ్బు పోస్తారు.

మెయిన్ జెట్ (ఫుల్ థ్రాటిల్‌లో, అంటే యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు పెట్రోల్ వదిలేది) పెద్దదానితో మొదలుపెట్టి ఒక్కో సైజు తగ్గించండి. పెట్రోల్ ఎక్కువైతే బండి మొరాయిస్తుంది, అంతే. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. ఖాళీ రోడ్డు మీద ఫుల్ థ్రాటిల్‌లో కాసేపు లాగించి, క్లచ్ పట్టి ఇంజిన్ ఆపేసి రెండు ప్లగ్గులూ విప్పండి. ప్లగ్గు కొసన ఉండే పింగాణీ కాఫీ రంగులో ఉండాలి. తెల్లగా కనిపిస్తే జెట్ పెంచేదాకా గట్టిగా తోలొద్దు.