బెట్టకు నిలిచే మొక్కజొన్న, నాలుగో పాఠం: పీచును చూసి తల్లి మొక్కను పట్టుకోవడం

కోత అయ్యాక కళ్లంలో కూర్చుని కుప్పలోంచి పెద్ద కంకులు ఏరి విత్తనానికి పక్కన పెట్టడం మన వైపు అందరికీ అలవాటు. ఈ పాఠం నుంచి ఆ పని మానేయండి. కుప్పలో కనిపించే పెద్ద కంకి ఎక్కడ పెరిగిందో మీకు తెలీదు. పక్క మొక్క చచ్చిపోయి దానికి రెండింతల చోటు దొరికిందేమో, గట్టు వార తేమ నిలిచే చోట ఉందేమో, ఎప్పుడో పెంటపోగు వేసిన జాగాలో పడిందేమో. మంచి చోటులో పెరిగిన కంకిని దాచుకుంటే ఆ చోటు గింజతో పాటు మీ చేలోకి రాదు. అందుకే ఎంపిక అంతా మొక్క నిలబడి ఉండగానే, పూత మీద ఉన్నప్పుడే జరగాలి.

ముందు పాఠాల్లోంచి మూడు మాటలు గుర్తుంచుకుంటే ఈ పాఠం అర్థమవుతుంది. ఒకటి, మనం మొదలుపెట్టింది హైబ్రిడ్ గింజతో కాదు, కాంపోజిట్ రకంతో (అంటే చాలా మంచి మొక్కల్ని కలిపి చేసిన, గింజ దాచుకుని తిరిగి వేసుకోగలిగే రకం), దానికి మన కొండవాలు ఊళ్లలో దొరికే పాత రకాన్ని కలిపి. హైబ్రిడ్ కంకి గింజను తిరిగి వేస్తే మొక్కలు రకరకాలుగా విడిపోతాయి, దిగుబడి పడిపోతుంది. రెండు, మొక్కజొన్నకు పుప్పొడి గాలిలో వస్తుంది కాబట్టి పక్క చేను కనీసం 200 మీటర్ల దూరంలో ఉండాలి, లేదా పూత వేళలు కలవకుండా ముందూ వెనకా విత్తుకోవాలి. మూడు, తక్కువ కంకుల నుంచి విత్తనం తీస్తే నాలుగైదు తరాలకే మొక్క నీరసిస్తుంది, అందుకే మన లెక్క ఎప్పుడూ 200 కంకుల దగ్గరే ఉంటుంది.

ఇక అసలు విషయం. ఒడిశాలోని మన రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి వైపు ఏడాది మొత్తం వాన చూస్తే మరీ తక్కువేం కాదు. మనల్ని దెబ్బకొట్టేది మధ్యలో వచ్చే బెట్ట. జూన్ మూడో వారంలో గరువు నేలలో వేసిన చేను ఆగస్టు రెండో వారానికి పూతకొస్తుంది, సరిగ్గా అప్పుడే ఓ పది పన్నెండు రోజులు చినుకు పడకపోతే, పైకి పచ్చగానే కనిపించే చేను కూడా కోతలో సగానికి సగం ఎగ్గొడుతుంది. పూతకు రెండు వారాల ముందు, రెండు వారాల తరవాత, ఈ నెల రోజులే మొక్కజొన్నకు ప్రాణం. మోకాలెత్తులో వచ్చిన బెట్టను మొక్క చాలావరకు సర్దుకుంటుంది కానీ ఈ నెలలో వచ్చిందాన్ని సర్దుకోలేదు.

ఎందుకో తెలియాలంటే ఒక లేత కంకిని కోసి, పైన ఆకులు ఒక్కొక్కటే ఒలిచి చూడండి. ఒక్కో గింజ మొలక నుంచి ఒక్కో పీచు పోగు బయలుదేరి ఉంటుంది. ఎన్ని పోగులో అన్ని గింజలకు అవకాశం, ఆ పోగు మీద పుప్పొడి పడకపోతే ఆ గింజ లేదు. కంకి మొదట్లో ఉన్న గింజల పోగులు ముందు బయటికొస్తాయి, కొసన ఉన్నవి చివర. ఈ పోగు సాగేది నీటితోనే, తేమ బాగుంటే రోజుకు రెండు మూడు సెంటీమీటర్లు కూడా సాగుతుంది. బెట్టలో మొక్క మగ పూతను దాదాపు వేళకే తీస్తుంది, దాచుకున్న తిండీ నీళ్లూ ముందు దానికే పంపుతుంది, కంకిని వెనక్కి నెడుతుంది. పీచు లోపలే ఆగిపోతుంది. అది బయటికొచ్చేసరికి చేలో పుప్పొడి రాలడం అయిపోయి ఉంటుంది. మనం కోతలో చూసే పళ్లూడిన నోరులాంటి కంకులు, కొస బోడి కంకులు, అసలు కంకే లేని గొడ్డు మొక్కలు చాలావరకు ఇలా వచ్చినవే.

మగ పూత విప్పిన రోజుకీ పీచు కనబడిన రోజుకీ మధ్య ఉన్న రోజుల్ని ఈ పాఠంలో 'ఎడం' అందాం. నీళ్లు బాగా ఉన్న చేలో ఎడం సున్నా నుంచి రెండు మూడు రోజులు ఉంటుంది, బెట్టలో వారం కూడా దాటుతుంది. అదే బెట్టలో అదే సాలులో ఒక మొక్క రెండు రోజుల ఎడంతో పీచు తీసి, పక్కది ఏడు రోజులు తీసుకుందంటే మొదటిదే మనకు కావలసిన తల్లి. గట్టి బెట్టలో కంకి బరువుతో మొక్కల్ని పోల్చడం కష్టం, నేలలో తేడాలే బరువులో ఎక్కువ కనిపిస్తాయి. ఎడం మాత్రం అప్పుడు కూడా మొక్క గుణాన్ని బాగానే బయటపెడుతుంది.

ఇది ఊహ కాదు, చేసి చూపించిన పని. మెక్సికోలోని అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధన సంస్థ సిమ్మిట్‌లో టుక్స్‌పెన్యో అనే ఉష్ణమండల రకాన్ని తీసుకుని, పూత సమయంలో నీళ్లు ఆపి, ఇలాగే ఎడం తక్కువున్న వాటినీ గింజ నింపిన వాటినీ ఎంచుకుంటూ ఎనిమిది తరాలు నడిపారు. 1993లో అచ్చయిన ఫలితాల ప్రకారం తరానికి హెక్టారుకు దాదాపు 100 కిలోల చొప్పున దిగుబడి పెరిగింది. నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఏమిటంటే, నీళ్లు బాగా ఉన్న మడుల్లో కూడా అది తగ్గలేదు, పెరిగింది. మొక్క మొత్తం బరువు పెద్దగా మారలేదు, ఆ బరువులో కంకికి వెళ్లే వాటా పెరిగింది. 2007లో ఆఫ్రికాలో 13 దేశాల కోసం మొదలైన, బెట్టను తట్టుకునే మొక్కజొన్న కార్యక్రమానికి కూడా ఈ పని పునాదుల్లో ఒకటి.

ఇప్పుడు చేలోకి వెళ్దాం.

20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న మడి తీసుకోండి, అది దాదాపు పది సెంట్లు. సాళ్ల మధ్య 75 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 20 పెడితే సుమారు 2,700 మొక్కలు పడతాయి. దాన్ని పుల్లలూ పురికొసా పెట్టి 5 మీటర్లు ఒకవైపు, 4 మీటర్లు ఒకవైపు ఉండేలా గళ్లు చేస్తే 20 గళ్లు వస్తాయి. 1961లో అమెరికాలోని నెబ్రాస్కాలో గార్డ్‌నర్ అనే శాస్త్రవేత్త చెప్పిన పద్ధతి ఇది. మడిలో ఒక మూల సారం ఎక్కువ, ఒక మూల రాయి ఎక్కువ, మొత్తం మడిలో మంచివి ఏరితే అన్నీ సారమున్న మూల నుంచే వస్తాయి. అందుకని ఏ గడిలో మొక్కను ఆ గడిలో మొక్కతోనే పోల్చి, ఒక్కో గడి నుంచి సరిగ్గా పది తీసుకోవాలి. రాళ్ల మూల గడిలో మొక్కలన్నీ మోకాలు దాటకపోయినా సరే, అందులోంచి కూడా పది. ఈ మాట దగ్గర చాలామంది మనసు ఒప్పుకోదు, కానీ ఆ గడిలో నిలబడి పీచు తీసిన మొక్కే మీకు ఎక్కువ విలువైనది.

బెట్టను మనమే తేవాలంటే రబీ మేలు. ఖరీఫ్‌లో బెట్ట వస్తే మంచిది, రాకపోతే ఆ ఏడాది ఎంపిక బలంగా ఉండదు. రబీలో బోరు కానీ నాగావళి, వంశధార గట్టున మోటారు కానీ ఉంటే నీళ్లు మన చేతిలో ఉంటాయి. పూతకు సుమారు రెండు వారాల ముందు తడి ఆపేయండి, గులక కలిసిన ఎర్రనేల అయితే పది రోజుల ముందు చాలు, నల్లరేగడి అయితే ఇంకా ముందుగా. పూత అయిన రెండు వారాలకు ఒక తడి ఇవ్వండి, పట్టిన గింజ నిండుతుంది. రోజులు క్యాలెండర్‌లో లెక్కపెట్టుకోవద్దు, కోరాపుట్ వైపు డిసెంబరు చలికి పూత బాగా వెనక్కి పోతుంది. వారానికోసారి అంచు సాలులో ఒక మొక్కను కోసి సుడి చీల్చి చూడండి. మగ పూత లోపల వేలెడు పొడవైతే తడి ఆపే వేళ దగ్గరకొచ్చినట్టే.

పూత మొదలవకముందే ప్రతి గడిలో అరవై మొక్కలు గుర్తు పెట్టుకోండి. నాలుగు వైపులా పొరుగు మొక్కలున్నవే తీసుకోండి. అంచు సాళ్లవి వద్దు, ఖాళీ పక్కన ఉన్నవి వద్దు, కత్తెర పురుగు సుడి కొరికినవి వద్దు. ఆ పురుగు 2018లో మన దేశంలోకి వచ్చిన దగ్గర్నుంచి ఎంపికలో ఇదొక తలనొప్పి, దెబ్బతిన్న మొక్క పీచు ఆలస్యం చేస్తే అది బెట్ట వల్లో పురుగు వల్లో చెప్పలేం.

టైలర్ దగ్గర మిగిలిన గుడ్డ పీలికలు ఏడు రంగులవి తెచ్చుకోండి. వారానికో రంగు కాదు, రోజుకో రంగు. సోమవారం ఎరుపు, మంగళవారం పసుపు, ఇలా ఆదివారం దాకా, ఒక అట్ట మీద రాసి ఇంట్లో వేలాడదీయండి. పొద్దున్న ఎనిమిది నుంచి పదకొండు లోపు చేలోకి వెళ్లండి, మంచు ఆరి పుప్పొడి రాలే వేళ అది. మగ పూత నడిమి కొమ్మను చూడండి, అక్కడే ముందు విప్పుతుంది, సన్నటి తిత్తులు దారాలకు వేలాడుతూ కనిపిస్తాయి. వేలితో తడితే పసుపు పొడి రాలితే ఆ రోజు రంగు పీలిక కాండం పైన కట్టండి. కంకి కొసన పీచు వేలి గోరంత బయటికొచ్చిన రోజు, ఆ రోజు రంగు పీలిక కంకి కింద కట్టండి. పూతంతా అయ్యాక పై రంగు, కింద రంగు చూస్తే ఎడం తెలిసిపోతుంది, పుస్తకంలో ఒక్క అంకె కూడా రాయనక్కర్లేదు. పైన రంగుండి ఆరు రోజులు దాటినా పీచు రాని మొక్కకు ఇంకేం కట్టొద్దు, దాన్ని వదిలేసినట్టే. ఉదయం ఇద్దరు మనుషులు రెండు గంటలు పెడితే ఈ పని అవుతుంది. ఒక్క రోజు మానేస్తే మాత్రం ఎడం లెక్క చెడిపోతుంది, పెళ్లి ఉన్నా ఇంట్లో ఎవరికో ఒకరికి అప్పజెప్పి వెళ్లండి.

ఒక జాగ్రత్త. అన్నిటికన్నా ముందు పూసిన మొక్కలకు నేల ఇంకా తడిగా ఉంటుంది, వాటి ఎడం సహజంగానే తక్కువ కనిపిస్తుంది. అది బెట్టను తప్పించుకోవడం, తట్టుకోవడం కాదు. వాటినే ఏరుకుంటూ పోతే నాలుగు తరాల్లో మీ రకం తొందరగా పండేదైపోయి కంకి చిన్నదవుతుంది. అందుకే గడిలో సగం మొక్కలు పూసిన రోజుకు రెండు మూడు రోజులు అటూ ఇటూ పూసినవాటి నుంచే పది తీసుకోండి.

పచ్చదనం విషయంలో కూడా చాలామంది పొరబడతారు. గింజ పాలు పోసుకున్న తరవాత కంకి కింది ఆకులు పచ్చగా ఉండటం మంచి గుణమే. కానీ గొడ్డు మొక్క అందరికన్నా ఎక్కువ పచ్చగా ఉంటుంది, ఆకుల్లోంచి తిండి లాక్కునే గింజ దానికి లేదు కాబట్టి! పచ్చగా ఉన్న మొక్కను చూడగానే ముందు కంకిని చేత్తో పట్టుకుని చూడండి, నిండుగా ఉంటేనే ఆ పచ్చదనాన్ని లెక్కలో వేయండి. ఆకు చుట్టుకోవడం చూసి మొక్కను కొట్టేయొద్దు, మధ్యాహ్నం చుట్టుకుని సాయంత్రానికి విచ్చుకునే మొక్క నీళ్లు పొదుపు చేస్తోంది. పొద్దున్నే చుట్టుకుని ఉన్నది మాత్రం నిజంగా ఇబ్బందిలో ఉన్నట్టు.

మగ పూత విప్పకముందే కుళ్లు తెగులు పట్టినవి, మరీ గిడసబారినవి కనబడితే వాటి పూతను తుంచేయండి, వాటి పుప్పొడి మన తల్లుల మీద పడకూడదు. ఎడం మాత్రం పుప్పొడి రాలాకే తెలుస్తుంది, అప్పటికి మంచి చెడ్డ పుప్పొడి అంతా కలిసిపోయి ఉంటుంది. అంటే ఈ పద్ధతిలో మనం తల్లినే ఎంచుకుంటున్నాం, తండ్రిని కాదు, అందువల్ల తరానికి వచ్చే లాభం సగమే. ఆ రెండో సగం రాబట్టే దారి వచ్చే పాఠంలో ఉంది, అదే కంకికో సాలు పద్ధతి.

దానికోసం ఇప్పుడే ఒక పని చేసి పెట్టుకోవాలి. గింజ మొదట్లో నల్లచుక్క పడ్డాక, అంటే గింజ పూర్తిగా ముదిరాక, ఎంచుకున్న 200 కంకులు విడివిడిగా కోసి, నీడన ఆరబెట్టి, దేని గింజ దానికి వేరే గుడ్డ సంచిలో వేయండి. సంచిలో చిన్న అట్టముక్క మీద గడి నంబరూ, ఎడం ఎన్ని రోజులో అదీ పెన్సిల్‌తో రాసి పెట్టండి, పెన్ను సిరా తేమకు అలుక్కుపోతుంది. గింజలు కలపొద్దు, ఒక్క కంకి కూడా అమ్మొద్దు, తినొద్దు. ఒక్కో సంచిలోంచి కొన్ని గింజలు మాత్రమే వచ్చే రబీలో సాలుగా వేస్తాం, మిగతావి సంచిలోనే ఉంటాయి.