పారామోర్ కొత్త సౌండ్ ఎక్కట్లేదా, ఒకసారి ఇలా విని చూడండి

2007 నాటి రయట్ ఆల్బమ్‌తో పారామోర్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్‌కి అతుక్కుపోయినవాళ్ళలో చాలామంది 2017లో వాళ్ళ ఆఫ్టర్ లాఫ్టర్ ఆల్బమ్ రాగానే వినడం ఆపేశారు, నేనూ ఆపేశాను. అందులోని హార్డ్ టైమ్స్ పాట వచ్చినప్పుడు సిటీ బస్సులో నిలబడి ఫోన్ స్పీకర్ చెవి దగ్గర పెట్టుకుని విన్నా, మొదట్లోనే చెక్క పలకల మీద కొట్టినట్టు టుంగ్ టుంగ్ అని మోత, ఆ తర్వాత డాన్స్ బీట్, గిటార్లు ఎప్పుడొస్తాయా అని చూస్తుండగానే పాట అయిపోయింది. నిజంగా బాధేసింది. దాదాపు ఏడాది ఆ ఆల్బమ్ జోలికి పోలేదు, ఇప్పుడు చూస్తే వాళ్ళ ఐదారు ఆల్బమ్స్‌లో నాకు అన్నిటికన్నా దగ్గరైనది అదే. మధ్యలో ఏ వరసలో విన్నానో, ఏం పట్టుకుని విన్నానో రాస్తున్నా, మీరు కూడా అక్కడే ఆగిపోయి ఉంటే పనికొస్తుందేమో చూడండి.

ముందు కొత్త పాటలు పక్కన పెట్టేయండి. మీకు ప్రాణమైన పాత పాట ఒకటి తీసుకోండి, మిజరీ బిజినెస్ అనుకుందాం, దాన్ని నాలుగుసార్లు వినండి, ఒకసారి గిటార్ మీదే చెవి పెట్టి, ఒకసారి డ్రమ్స్, ఒకసారి పాడే హేలీ విలియమ్స్ గొంతు, ఒకసారి మాటలు. మంచి ఇయర్‌ఫోన్స్ కావాలి, ఫోన్ స్పీకర్‌లో బేస్ అసలు వినపడదు కాబట్టి సగం పాట పోయినట్టే. ఇలా వింటే మీరు ఇన్నాళ్ళూ దేనికి పడిపోయారో తెలుస్తుంది. నేను గిటార్ కోసమే వింటున్నా అనుకునేవాణ్ణి, తీగల మీద అరచెయ్యి ఆన్చి దడదడలాడించి పల్లవి రాగానే ఒక్కసారిగా వదిలేస్తారు కదా, అదే పాప్ పంక్, అంటే హుషారైన ట్యూన్లతో వేగంగా సాగే రాక్, అనుకునేవాణ్ణి. నాలుగోసారికి అర్థమైంది ఏంటంటే నన్ను లాగింది జాక్ ఫారో డ్రమ్స్, దాని మీద మనసులో మంటని ఏమాత్రం దాచుకోకుండా చెప్పేసే హేలీ మాటలు. గిటార్ ఈ రెండిటికీ తోడుగా ఉంది, అంతే.

ఇది తెలిశాక తర్వాతి పని బ్యాండ్‌లో ఎప్పుడు ఎవరున్నారో చూసుకోవడం, ఇది చాలామంది చెయ్యరు గానీ దీనివల్లే సగం చిక్కు వీడిపోతుంది. వీళ్ళది అమెరికాలో టెనెసీ రాష్ట్రం, ఫ్రాంక్లిన్ అనే ఊరు, 2004లో మొదలైంది. పాత పాటల్లో హేలీతో కలిసి ఎక్కువగా రాసింది గిటారిస్ట్ జాష్ ఫారో, డ్రమ్స్ వాయించింది అతని తమ్ముడు జాక్, ఈ అన్నదమ్ములిద్దరూ 2010 డిసెంబర్‌లో బ్యాండ్ వదిలేశారు. అంటే 2013లో బ్యాండ్ పేరుతోనే వచ్చిన ఆల్బమ్ నాటికే రాసే చేతులు మారిపోయాయి, ఆ తర్వాత గిటారూ రాతా ఎక్కువగా టేలర్ యార్క్ భుజాన పడ్డాయి. ఆయన్ని కొత్తగా వచ్చి సౌండ్ మార్చేసినవాడు అనడానికి కూడా లేదు, 2007లో రయట్‌లోనే దట్స్ వాట్ యూ గెట్ రాసినవాళ్ళలో ఆయన పేరుంది. ఇంకోటి, జాక్ 2017లో వెనక్కొచ్చేశాడు, అది ఏ ఆల్బమ్‌కో తెలుసా, నేను ఏడాదిపాటు ముట్టుకోని ఆఫ్టర్ లాఫ్టర్‌కి! నేను ప్రేమించిన డ్రమ్స్ అందులోనే ఉన్నాయి, నేను గిటార్ కోసం వెతుకుతూ వాటిని విననే లేదు.

ఇక వరస. రయట్ నుంచి నేరుగా 2023లో వచ్చిన దిస్ ఈజ్ వైకి దూకొద్దు, 16 ఏళ్ళ దూరం అది, ఎవరికైనా వేరే బ్యాండ్ లాగే వినపడుతుంది. 2009 బ్రాండ్ న్యూ ఐస్‌లో ది ఓన్లీ ఎక్సెప్షన్‌తో మొదలుపెట్టండి, మన చెవికి తిశ్ర నడకలా ఊగుతూ పోతుంది, పంక్ అనేది ఎక్కడా ఉండదు, అయినా అప్పట్లో ఎవరూ దాన్ని కాదనలేదు కదా. అంటే మార్పు అప్పుడే మొదలైంది, మనం గమనించలేదు. తర్వాత 2013 ఆల్బమ్, ఇది 17 పాటల పెద్ద ఆల్బమ్, మొత్తం ఒకేసారి వద్దు. అందులో పార్ట్ టూ అనే పాట ఉంది, అది రయట్‌లోని లెట్ ద ఫ్లేమ్స్ బిగిన్‌కి కొనసాగింపు, రెండూ వెంటవెంటనే పెట్టుకుని వినండి, ఆరేళ్ళలో గొంతు ఎంత ముదిరిందో అక్కడ తెలుస్తుంది. ఆ వెంటనే ఎయింట్ ఇట్ ఫన్. మొదట అంతా బేస్ మీద నడిచే సరదా పాటలా ఉంటుంది, చివరికొచ్చేసరికి చర్చిలో పాడినట్టు గుంపు గొంతులు లేస్తాయి, ఆ గుంపు పాడే మాట ఏంటంటే ఏడుస్తూ మీ అమ్మ దగ్గరికి పరిగెత్తకు, ఈ లోకంలో నువ్వు ఒక్కడివే అని. ఊరు విడిచి ఉద్యోగానికి వచ్చి గదిలో ఒంటరిగా ఉన్న రోజుల్లో ఈ ముక్క నాకు ఎంత తగిలిందో చెప్పలేను. 2015లో బెస్ట్ రాక్ సాంగ్ గ్రామీ దీనికే వచ్చింది.

ఇప్పుడు ఆఫ్టర్ లాఫ్టర్, దీన్ని మాత్రం మొదటి నుంచి చివరిదాకా వరసలో, షఫుల్ ఆపేసి వినాలి, 12 పాటలే, ముప్పావుగంట కూడా పట్టదు. మొదటిసారి ఉత్తగా వినండి. రెండోసారి పాట పక్కన మాటలు తెరిచి పెట్టుకోండి. ఎందుకంటే ఈ ఆల్బమ్ అంతా డాన్స్ బీట్ కింద ఏడుపు. హార్డ్ టైమ్స్‌లో అంత ఎండలా మెరిసే సంగీతం మీద ఆమె పాడేది పొద్దున లేచి బాగానే ఉన్నానని అనిపిస్తే చాలు అని, రోజ్ కలర్డ్ బాయ్‌లో నన్ను కాసేపు దిగులుగా ఉండనివ్వవా అని, ఫేక్ హ్యాపీ సంగతి పేరులోనే ఉంది. ఆ రోజుల్లో డిప్రెషన్‌లో ఉన్నానని హేలీ తనే బయటికి చెప్పింది. రయట్ వచ్చినప్పుడు ఆమెకి 18 ఏళ్ళు, దీనికి 28. పద్దెనిమిదేళ్ళప్పుడు కోపం వస్తే అరుస్తాం, ఇరవై ఎనిమిదికి నవ్వు మొహం పెట్టుకుని ఆఫీసుకి పోతాం, ఆ సంగీతం అచ్చం ఆ నవ్వు మొహమే. నాకు నచ్చిన ఆ మంట ఎక్కడికీ పోలేదు, గిటార్‌లోంచి మాటల్లోకి వెళ్ళింది. ఇది తట్టిన రాత్రి ఆల్బమ్ మళ్ళీ మొదటి నుంచి పెట్టుకుని విన్నా.

ఒక్కసారికే ఎక్కకపోతే కంగారు పడకండి. రెహమాన్ పాటల్ని మనవాళ్ళు స్లో పాయిజన్ అంటారు చూడండి, మొదట ఇదేం పాట అనిపించి పదిరోజుల తర్వాత మనమే హమ్ చేస్తుంటాం, ఇదీ అలాంటిదే. రోజుకోసారి కాకుండా రెండు మూడు రోజులు ఆగి వింటే మేలు, విసుగు రాదు. అప్పటికీ నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి, అందులో తప్పేం లేదు, ఫలానా పాటలో ఫలానా చోట నాకు ఇది బాలేదు అని చెప్పండి. డబ్బు కోసం సౌండ్ మార్చుకుని అమ్ముడుపోయారు అనే మాట మాత్రం వద్దు, అది అస్సలు న్యాయం కాదు. డబ్బే కావాలంటే పాత పాటలే తిప్పి తిప్పి పాడుకోవచ్చు, వీళ్ళు తమ పెద్ద హిట్లలో ఒకటైన మిజరీ బిజినెస్‌నే 2018లో స్టేజి మీద పాడటం మానేశారు, అందులో ఇంకో ఆడపిల్ల గురించి చిన్నప్పుడు రాసిన మాటలు ఇప్పుడు హేలీకి సబబుగా అనిపించలేదని. మళ్ళీ 2022 అక్టోబర్‌లోనే పాడారు.

చివరగా దిస్ ఈజ్ వై. పది పాటలు, గిటార్లు మళ్ళీ వస్తాయి గానీ పాత దడదడ కాదు, కోసుకుంటూ పోయే సన్నటి గిటార్లు, బ్లాక్ పార్టీ అనే బ్రిటిష్ బ్యాండ్‌ని విన్నవాళ్ళకి వెంటనే తెలుస్తుంది. 2024లో బెస్ట్ రాక్ ఆల్బమ్ గ్రామీ దీనికి వచ్చింది. ఇందులో ఆఖరి పాట థిక్ స్కల్ కోసం కొంచెం ఓపిక పట్టండి, మెల్లగా మొదలై బరువెక్కుతూ పోతుంది, చివర్లో గిటార్లు, జాక్ డ్రమ్స్, హేలీ గొంతు మూడూ కలిసి విరుచుకుపడతాయి, అక్కడ వాల్యూమ్ పెంచి కళ్ళు మూసుకోండి, అది అయిపోయిన వెంటనే రయట్ మొదటి పాట పెట్టండి.