టేకు బల్ల మీద గీతలు పోగొట్టడం ఎలా?

బల్ల మీద గీత కనిపించగానే గరుకు కాగితం అందుకోకండి. గీత పాలిష్‌లోనే ఆగిందా, చెక్కలోకి దిగిందా అన్నది ముందు తేలాలి. చికిత్స అంతా దాన్నిబట్టే.

మెత్తని గుడ్డను తడిపి, గట్టిగా పిండి, దుమ్మూ జిడ్డూ తుడిచి ఆరనివ్వండి. గీతకు అడ్డంగా గోరు నడపండి. జారిపోతే పైపై గీత, తగులుకుంటే లోతైనది. ఇంకో పరీక్ష కూడా ఉంది. వేలితో కాస్త నీళ్లు గీత మీద రాయండి. తడి ఉన్నంతసేపూ గీత కనబడకపోతే పాలిష్ మాత్రమే చెదిరినట్టు. తడిసినా వేరే రంగులో కనిపిస్తుంటే చెక్కదాకా వెళ్లినట్టే.

పైపై గీతలకు ఫర్నిచర్ మైనం చాలు. చెక్క చారలు ఎటు పోతున్నాయో అటే రుద్ది, కాసేపాగి పొడిగుడ్డతో మెరిసేదాకా తుడవండి. మైనం లేకపోతే అక్రోటు పప్పును విరిచి గీత వెంట రుద్దినా సన్నగీతలు కలిసిపోతాయి. చాలా ఇళ్లలో కొబ్బరినూనె రాస్తారు. దయచేసి ఆ పని చేయకండి. అక్రోటు నూనె మెల్లగా ఆరి గట్టిపడుతుంది, కొబ్బరినూనె ఎన్నాళ్లయినా ఆరదు. దుమ్ము పట్టుకుంటుంది, తర్వాత వేసే పాలిష్‌ను అంటనివ్వదు.

రంగు పోయిన గీతకు వుడ్ స్టెయిన్ కావాలి. బల్ల రంగుకన్నా ఒక ఛాయ తక్కువది తీసుకుని, బల్ల అడుగున వేసి చూశాకే పైన వాడండి. సన్నటి కుంచెతో గీతలో మాత్రమే నింపి, పక్కకు పోయింది వెంటనే తుడిచేయాలి. చాలకపోతే ఇంకో పూత వేయవచ్చు. ఎక్కువైన రంగును తీయడమే కష్టం.

దాని మీద పాలిష్ పడాలి. పాత టేకు సామాన్లకు చాలావరకు లక్క పాలిష్ ఉంటుంది. కనబడని మూలలో దూదికి స్పిరిట్ అద్ది రాయండి. జిగటగా మారితే లక్కే. అలాగైతే మీ పని తేలిక, ఎందుకంటే కొత్త లక్క పాతదాన్ని కాస్త కరిగించి దానిలో కలిసిపోతుంది, అతుకు తెలియదు. పలచగా రెండు మూడు పూతలు, ఒకటి ఆరాక ఇంకొకటి వేయండి. ముసురు పట్టిన రోజున మాత్రం వద్దు, గాలిలోని తేమ చేరి పాలిష్ తెల్లబారుతుంది. స్పిరిట్‌కు ఇట్టే మంట అంటుకుంటుంది కాబట్టి కిటికీలు తెరవండి, దగ్గర్లో పొయ్యి గానీ దీపం గానీ ఉండకూడదు.

గోరు దిగేంత లోతుంటే వుడ్ ఫిల్లర్ నింపాలి. ఫెవికాల్‌లో రంపపు పొట్టు కలిపి పెట్టడం మనవాళ్లకు అలవాటు. కనబడని చోట సరే గానీ పైభాగాన వద్దంటాను. జిగురు అంటిన చోట స్టెయిన్ పట్టదు, మచ్చ మిగులుతుంది. గీతకు రెండువైపులా టేపు అంటించి, ఫిల్లర్‌ను ప్లాస్టిక్ కార్డుతో నొక్కి, కొంచెం ఎత్తుగా ఉంచండి. పూర్తిగా ఆరాక 320 నంబరు గరుకు కాగితాన్ని చిన్న చెక్కముక్కకు చుట్టి, చారల వెంటే నెమ్మదిగా సమం చేయండి. స్టెయిన్ పట్టే ఫిల్లరే కొనండి. తర్వాత రంగు, పాలిష్ పైన చెప్పినట్టే.

ప్లైవుడ్ మీద టేకు పొర అంటించిన సామానైతే ఆ పొర మిల్లీమీటరు కూడా ఉండదు, రెండు రుద్దులు ఎక్కువైతే ప్లై బయటపడుతుంది. సన్‌మైకాకైతే గరుకు కాగితం తాకించనే కూడదు. డిజైన్ ఉన్న కాగితం పైపొర కిందే ఉంటుంది, అది అరిగితే తిరిగి రాదు. అదే రంగు మైనపు కడ్డీతో గీత నింపి వదిలేయండి.

బల్ల పైభాగమంతా గీతలే అయితే ఒక్కొక్కటీ పూడుస్తూ కూర్చోవద్దు. పాలిష్ పనివాణ్ని పిలిచి పాతది గీకించి, మొత్తం కొత్తగా వేయించండి.