ట్రినిడాడ్ అండ్ టొబాగో ఫుట్‌బాల్ జట్టు చరిత్ర రాయాలంటే: స్కోరు పక్కన ఇంకో గడి

1989 నవంబర్ 19, పోర్ట్ ఆఫ్ స్పెయిన్. ట్రినిడాడ్ అండ్ టొబాగో 0, అమెరికా 1. పట్టికలో ఇంతే రాసి ఊరుకుంటే చదివేవాళ్లకు అదొక మామూలు ఓటమి. ఆ రోజు డ్రా చేసుకున్నా చాలు, 1990 ప్రపంచ కప్‌కు వెళ్లిపోయేవాళ్లన్న సంగతి స్కోరులో ఎక్కడా లేదు. చిన్న దేశాల జట్ల చరిత్ర రాయబోయి చాలామంది బోల్తా పడేది ఇక్కడే. కథనం జోలికి పోకముందే పట్టిక గీయండి. తేదీ, మైదానం, పోటీ, ప్రత్యర్థి, స్కోరు, గోల్ చేసినవాళ్లతో పాటు ఏడో గడి ఒకటి పెట్టి, దానికి 'ఏం కావాలి' అని పేరు పెట్టండి.

ఈ గడి నింపడానికి మ్యాచ్ అయ్యాక వచ్చిన పాయింట్ల పట్టిక పనికిరాదు. ముందు రోజు రాత్రికి ఉన్న పట్టికను మీరే కూడి తయారు చేసుకోవాలి. 1989లో ఆఖరి మ్యాచ్‌కు ముందు రెండు జట్లకూ 9 పాయింట్లే. గోల్ తేడాలో ట్రినిడాడ్ ఒక్క గోల్ పైన ఉంది. అందుకే డ్రా చాలు. కూడేటప్పుడు ఒక సంగతి మరవొద్దు: అప్పట్లో గెలుపుకు 2 పాయింట్లే. ఇప్పటి 3 పాయింట్ల లెక్క వేస్తే మీ అంకెలు అప్పటి పట్టికతో కలవవు. అమెరికా ఆటగాడు పాల్ కాలిజూరి దూరం నుంచి కొట్టిన గోల్ అంత బరువు ఎందుకైందో గడి నిండాక గానీ తెలియదు.

2005ను మూడు వరుసలుగా విడగొట్టండి. అక్టోబర్ 12న మెక్సికోపై 2-1. రెండు గోల్సూ స్టెర్న్ జాన్‌వే. ప్లేఆఫ్‌కు పంపే నాలుగో స్థానానికి గ్వాటెమాలాతో పోటీ కాబట్టి అదే రోజు వాళ్లు కోస్టారికాను 3-1తో ఓడించిన సంగతి కూడా ఈ గడిలోనే చేరాలి. ట్రినిడాడ్ 13, గ్వాటెమాలా 11. తర్వాత బహ్రెయిన్‌తో ప్లేఆఫ్: నవంబర్ 12న సొంతగడ్డపై 1-1, గోల్ క్రిస్ బర్చల్‌ది. నాలుగు రోజులకు మనామాలో రెండో మ్యాచ్. ప్రత్యర్థి మైదానంలో కొట్టిన గోల్‌కు ఎక్కువ విలువనిచ్చే నియమం ఉండడంతో అక్కడ 0-0 అయినా ఇంటికే. కచ్చితంగా ఒక గోల్ కావాలి. డ్వైట్ యార్క్ కార్నర్‌కు డెన్నిస్ లారెన్స్ హెడర్ వేసి దాన్ని సాధించాడు. జట్టు మొదటిసారి, ఇప్పటివరకూ ఒకేసారి, ప్రపంచ కప్‌కు చేరింది.

2006 జర్మనీ మ్యాచ్‌లకూ ఇదే పద్ధతి. స్వీడన్‌తో 0-0, ఇంగ్లాండ్‌తో 0-2, పరాగ్వేతో 0-2. ఒక్క గోల్ కూడా కొట్టలేదని తీసిపారేయకండి. స్వీడన్ మ్యాచ్‌లో ఎవరీ జాన్ రెడ్ కార్డుతో వెళ్లిపోయాక పది మందితో నిలబెట్టిన డ్రా అది. గోల్ కీపర్ శాకా హిస్లాప్. దాని పుణ్యమా అని ఆఖరి మ్యాచ్ దాకా ఆశ మిగిలింది: పరాగ్వేపై గెలవాలి, ఇంగ్లాండ్ స్వీడన్‌ను ఓడించాలి, గోల్ తేడా కూడా కలిసిరావాలి. ఇంగ్లాండ్ మ్యాచ్ 83వ నిమిషం దాకా 0-0 అన్నదీ నోట్ చేసుకోండి.

ఈ గడి ఖాళీగా ఉన్నా అదీ సమాచారమే. 2017 అక్టోబర్ 10న కూవాలో ట్రినిడాడ్ 2-1తో అమెరికాను ఓడించింది. అప్పటికే తాను 2018 ప్రపంచ కప్ పోటీలోంచి బయట ఉంది. 'ఏం కావాలి' అంటే, ఏమీ అక్కర్లేదు. ఇంటికి పోయింది అమెరికా. 1989కి బదులు తీర్చుకున్నారని రాయాలని చేయి దురద పెడుతుంది. రెండు వరుసలూ పక్కపక్కన పెట్టండి, చాలు.

ఇక 1973 డిసెంబర్, పోర్ట్ ఓ ప్రిన్స్. 1974 ప్రపంచ కప్‌కు ఒకటే బెర్తు. ట్రినిడాడ్ 1-2తో హైతీ చేతిలో ఓడింది. ఆ మ్యాచ్‌లో రెఫరీ కొట్టేసిన గోల్స్ నాలుగని కొందరు, ఐదని కొందరు రాస్తారు. లెక్క కుదరనప్పుడు 'పలు గోల్స్' అనండి. రెంటిలో ఒకటి ఏరుకోవద్దు. అదే టోర్నీలో మెక్సికోపై 4-0 గెలుపును వదిలేస్తే ట్రినిడాడ్‌కు దక్కిన రెండో స్థానం విలువ అర్థం కాదు.

పోటీ నియమాలు చదవకుండా స్కోరును నమ్మకూడదనడానికి పొరుగు దీవుల ఉదాహరణ ఒకటుంది. 1994 జనవరిలో బార్బడోస్ 4-2తో గ్రెనడాపై గెలిచింది. ముందుకు వెళ్లాలంటే బార్బడోస్‌కు రెండు గోల్స్ తేడా కావాలి. అదనపు సమయంలో పడగానే మ్యాచ్‌ను ముగించే గోల్డెన్ గోల్‌ను రెండుగా లెక్కించేవారు. అందుకని 2-1 ఆధిక్యంలో ఉన్న బార్బడోస్ ఆఖర్లో మ్యాచ్ అదనపు సమయానికి పోయేలా కావాలనే సెల్ఫ్ గోల్ వేసుకుని స్కోరు సమం చేసింది!

ఏ మ్యాచ్‌లు చేర్చాలో ముందే తేల్చుకోండి. 1992 నుంచి ఒలింపిక్ ఫుట్‌బాల్ 23 ఏళ్లలోపు వాళ్లది, అవి సీనియర్ లెక్కలోకి రావు. మార్టినిక్, గ్వాడెలూప్ ఫిఫా సభ్యులు కావు. వాటితో ఆడినవి విడిగా గుర్తు పెట్టండి, లేకపోతే మీ మొత్తం ఫిఫా మొత్తంతో కలవదు. కరీబియన్ కప్ వరుసలో 1990 దగ్గర విజేత గడి ఖాళీ: ఆతిథ్య దేశం ట్రినిడాడే, తిరుగుబాటు ప్రయత్నంతో టోర్నీ పూర్తికాకుండానే ఆగింది. 1989 నుంచి 2001 దాకా ట్రినిడాడ్‌వి ఎనిమిది టైటిళ్లు.

పేర్లు మ్యాచ్ నాటివే రాయండి. హేస్లీ క్రాఫర్డ్ స్టేడియానికి 1989లో నేషనల్ స్టేడియం అనే పేరు. ఇప్పటి కురసావ్ జట్టు 2010 దాకా నెదర్లాండ్స్ ఆంటిల్లీస్. గయానా 1966కు ముందు బ్రిటిష్ గయానా. తేదీ కూడా మైదానం ఉన్న చోటిదే. కూవా మ్యాచ్‌ను 11వ తేదీ కింద వేసిన జాబితాలు టైమ్ జోన్ తేడా వల్ల వచ్చినవే.

'అతి చిన్న', 'మొదటి' లాంటి మాటలకు తేదీ తగిలించండి. ప్రపంచ కప్‌కు చేరిన అతి తక్కువ జనాభా దేశం అన్న పేరు 2006లో ట్రినిడాడ్‌ది. 2018కి ఐస్‌లాండ్‌కు పోయింది. 2025 నవంబర్‌లో కింగ్‌స్టన్‌లో జమైకాను 0-0తో ఆపి కురసావ్ తీసుకుంది. కురసావ్‌కు ఆ రోజు కావలసింది కూడా డ్రానే.